కుండీలో బేర్ రూట్ గులాబీ: చిగురు వచ్చాక కూడా ఆగాల్సిన రోజులు

మొదటి ఏడాది నా చేతిలో పోయిన మొక్కతోనే మొదలుపెడతాను. గులాబీ గురించి ఈ రోజు నాకు తెలిసిన నాలుగు మాటలూ దాన్ని పీకి చూసిన రోజు నుంచే మొదలయ్యాయి.

2021 ఫిబ్రవరి. మేం కాలిఫోర్నియాలో శాన్ హోసేలో అద్దె ఇంట్లో ఉంటాం. వెనక చిన్న సిమెంటు పెరడు, చుట్టూ చెక్క దడి. నేలలో పాతుకునే వీలు లేదు, ఏం పెంచినా కుండీలోనే. ఒక ఆదివారం కుళాయికి వాషర్ కోసం హార్డ్‌వేర్ షాపుకి వెళ్తే, లోపలికి పోయే దారిలోనే పొడుగాటి ప్లాస్టిక్ సంచులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతి సంచి మీదా అరచేయంత గులాబీ బొమ్మ. లోపల మాత్రం మూడు ముళ్ల కర్రలు, వాటి మీద మైనం పూత, అడుగున తడి చెక్కపొట్టులో చుట్టిన వేళ్లు. అంతే. మట్టి లేదు, ఆకు లేదు.

మాది రాజమండ్రి పక్కన ఒక పల్లెటూరు. కడియం నర్సరీల నుంచి మొక్కలు సైకిల్ మీద, తోపుడు బండి మీద వీధిలోకి వచ్చేవి. మాకు గులాబీ మొక్క అంటే నల్ల కవర్లో ఎర్రమట్టి ముద్దతో, ఒక పువ్వు విచ్చి, రెండు మొగ్గలు పట్టి ఉండేది. పువ్వు చూసి, వాసన చూసి, బేరమాడి తీసుకునేవాళ్లం. అలాంటిది ఇక్కడ బొమ్మ చూసి కర్రలు కొనుక్కోవడం నాకు చాలా కొత్తగా అనిపించింది. ఇంటికొచ్చి అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ కాసేపు చూసి, "బతుకుతుందంటావా? ఎక్కడా పచ్చదనమే లేదు కదే" అంది.

వీటిని బేర్ రూట్ గులాబీలు అంటారు. చలికాలంలో మొక్క నిద్రలో ఉన్నప్పుడు పొలంలోంచి తవ్వి, మట్టంతా దులిపేసి, వేళ్లతో అలాగే అమ్ముతారు. తెలుగులో 'వట్టి వేళ్ల మొక్క' అని రాద్దామనుకున్నాను గానీ, వట్టివేరు అనగానే మనకి ఎండాకాలం తడికెలూ, కుండలో చల్లటి నీళ్లూ గుర్తొస్తాయి. అందుకే ఇక్కడి పేరే ఉంచేస్తున్నాను. మట్టి బరువు ఉండదు కాబట్టి ఎంత దూరమైనా పెట్టెలో పంపొచ్చు, ధర తక్కువ, కుండీ మొక్కల్లో కనపడని రకాలు కూడా దొరుకుతాయి. మా దగ్గర డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా వీటి సీజన్.

నేను తెచ్చిన మొక్కని పది అంగుళాల నల్ల కుండీలో పెట్టాను. మూడు వారాలు తిరక్కుండానే ఎర్రటి చిగుళ్లు వచ్చాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. చిగురు వచ్చిందంటే వేరు పట్టేసిందనే కదా మన లెక్క. బాగా ఎదగాలని ఒక చెంచాడు గులాబీ ఎరువు గుళికలు వేశాను. పది రోజులాగి మళ్లీ వేశాను. ఆకులు నిగనిగలాడుతూ విచ్చుకున్నాయి. ఏప్రిల్‌లో రెండు మూడు రోజులు ఎండ గట్టిగా కాసింది. మొదటి రోజు మధ్యాహ్నం ఆకులు వేలాడిపోయాయి. నీళ్లు పోశాను. సాయంత్రానికి కాస్త లేచాయి. మర్నాడు లేవలేదు. వారం తిరిగేసరికి కొమ్మలు కొసల నుంచి కిందికి గోధుమరంగులోకి మారిపోయాయి.

పీకి చూశాను. పట్టు అనేదే లేదు, తడి మట్టిలో గుచ్చిన పుల్లలా చేతిలోకి వచ్చేసింది. వేళ్లు నేను కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, వేలి లావున, గోధుమరంగులో. ఒక వేరుకి మాత్రం బియ్యపు గింజంత తెల్లటి మొనలు రెండు మూడు వచ్చాయి. వాటి కొసలు నల్లగా మాడిపోయి ఉన్నాయి. పైన అంత ఆకు, కింద పనికొచ్చే కొత్త వేరు లేదు. దాన్ని చేతిలో పట్టుకుని ఆ సిమెంటు మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను.

దీనికి కారణం నాకు ఆ నవంబర్‌లో తెలిసింది. శాన్ హోసేలో నాగ్లీ అవెన్యూ మీద మున్సిపల్ రోజ్ గార్డెన్ ఉంది. ఒకప్పుడు ఈ లోయంతా పళ్ల తోటలే, ఈ గార్డెన్ ఉన్న స్థలం కూడా ప్రూన్ పళ్ల తోటే. 1937లో గులాబీ తోటగా తెరిచారు. ఐదున్నర ఎకరాలు, వేల మొక్కలు, వాటి పనిలో చాలా భాగం వాలంటీర్లే చేస్తారు. నేను వెళ్లిన పొద్దున ఒక పెద్దాయన వాడిన పూలు కత్తిరిస్తూ బకెట్‌లో వేస్తున్నారు. నా మొక్క సంగతి చెప్పాను. ఆయన కత్తెర జేబులో పెట్టుకుని, "ఆకు వచ్చిన ఎన్ని రోజులకి ఎరువు వేశారు?" అని అడిగారు. చెప్పాను. అప్పుడాయన నిదానంగా విడమరిచి చెప్పారు.

పొలంలోంచి తవ్వినప్పుడు నీళ్లు పీల్చే సన్నటి పీచు వేళ్లన్నీ తెగిపోతాయి. మనకి వచ్చేది లావు వేళ్లు మాత్రమే. మొక్క ముందటి ఏడాది దాచుకున్న తిండి ఆ కొమ్మల్లోనూ, లావు వేళ్లలోనూ ఉంటుంది. మొదటి చిగురు వచ్చేది ఆ దాచుకున్న తిండితోనే, కొత్త వేళ్లతో కాదు. ఆకులు విచ్చిన క్షణం నుంచీ నీళ్లు ఆవిరైపోతుంటాయి, ఆ నీళ్లు తోడిపెట్టే పీచు వేళ్లు మాత్రం ఇంకా పుట్టే దశలోనే ఉంటాయి. అలాంటప్పుడు ఎరువు వేస్తే దానిలోని ఉప్పు ఆ లేత మొనల్నే కాల్చేస్తుంది. అంటే నేను ఆకలి తీరుద్దామని వేసింది దాని నోట్లోనే నిప్పు పోసినట్టయింది. ఈ ఒక్క సంగతి తెలిశాక మిగతా పనులన్నీ ఎందుకు చెయ్యాలో నాకు వాటంతట అవే అర్థమయ్యాయి.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. వెచ్చటి షాపులో వారాల తరబడి సంచిలో నిలబడ్డ మొక్కకి లోపలే తెల్లటి పొడుగు మొలకలు వచ్చేస్తాయి. దాచుకున్న తిండి అక్కడే సగం అయిపోతుంది. కొనేటప్పుడు కన్నులు, అంటే కొమ్మ మీద చిగురు పుట్టే చోట్లు, ఇంకా నిద్రలో ఉన్నది చూసుకోవాలి. మొలకలు వచ్చినది బాగుందని మురిసిపోకూడదు. నేను సరిగ్గా అలాంటిదే ఏరుకుని మరీ తెచ్చుకున్నాను.

ఆ చలికాలానికి మూడు తీసుకున్నాను. నంబర్ వన్ గ్రేడ్ అంటే కనీసం మూడు బలమైన కొమ్మలు ఉండాలి, దానికి తగ్గవద్దని పెద్దాయన చెప్పారు. డబుల్ డిలైట్ తీసుకున్నాను, అమ్మకి వాసన లేని గులాబీ గులాబీయే కాదు. మిస్టర్ లింకన్ అనే ముదురు ఎరుపు, అదీ మంచి వాసనే. మూడోది తెల్లటి ఐస్‌బర్గ్, 1958లో జర్మనీలో కోర్డెస్ వాళ్లు తీసుకొచ్చిన రకం, గుత్తులు గుత్తులుగా పూస్తుంది, వాసన తక్కువ, కుండీలో మాత్రం ఇంత ఓర్చుకునే గులాబీని నేను చూడలేదు. మొదటిసారి పెట్టుకునేవాళ్లు ఎవరడిగినా ఐస్‌బర్గ్‌తోనే మొదలుపెట్టమంటాను.

ఈ మొక్కలు ఎక్కడ పెరుగుతాయా అని చూస్తే, మాకు దక్షిణాన కెర్న్ కౌంటీలో వాస్కో అనే ఊరు గులాబీ పొలాలకి పేరుపడ్డది. ఒక చలికాలంలో, వేరు కోసం, డాక్టర్ హ్యూయీ అనే గులాబీ కొమ్మలు పొలంలో గుచ్చుతారు. అవి వేరు పట్టాక, వచ్చే వేసవిలోపు వాటి మొదట్లో మనకి కావలసిన రకం కన్ను తెచ్చి అంటు కడతారు. ఆ మరుసటి చలికాలం పైన డాక్టర్ హ్యూయీ భాగమంతా కోసేస్తారు. ఇంకో ఏడాది పెరగనిచ్చి అప్పుడు తవ్వుతారు. అంటే నా చేతికొచ్చిన కర్ర వెనక దాదాపు రెండేళ్ల పొలం పని ఉంది. కన్ను అంటు అంటే కడియంలో వేలి కొసన బ్లేడుతో క్షణంలో కట్టేసే మనుషులు కళ్లముందు మెదిలారు. ఎక్కడైనా ఆ పని చేతులతో, నడుం వంచి చెయ్యాల్సిందే.

2022 జనవరి రెండో వారంలో పెట్టె వచ్చింది. విప్పగానే తడి కాగితపు ముక్కలు, వాటి కింద వేళ్లు, వాన పడ్డ పెరటి వాసన. ఒక్కో కొమ్మ మీద గోటితో చిన్నగా గీరి చూశాను. పై తోలు కింద లేత ఆకుపచ్చ గీత కనపడింది, పెసరకాయ గింజ రంగు. ప్రాణం ఉందన్నమాట. గీరితే లోపల గోధుమరంగు ఉంటే ఆ కొమ్మ పోయినట్టే.

ఆ రాత్రి బకెట్ నిండా మామూలు నీళ్లు పోసి మూడింటి వేళ్లూ మునిగేలా పెట్టాను. పన్నెండు గంటలు నానితే చాలు, ఇరవై నాలుగు గంటలు దాటకూడదు, గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. పొద్దున తీస్తే తోలు ముడతలు విచ్చుకుని నిండుగా అయ్యాయి. విరిగిన కొసలు, చితికిన ముక్కలు మాత్రమే కత్తిరించాను. పొడుగ్గా ఉన్నాయని బాగున్న వేళ్లని కోసెయ్యడం, కుండీలో పట్టడం లేదని అడుగున చుట్ట చుట్టడం రెండూ చెయ్యలేదు. వేరుకి కుండీ సరిపోకపోతే కుండీనే మార్చాలి.

అందుకే ఈసారి పదిహేను గాలన్ల కుండీలు తీసుకున్నాను. మన లెక్కలో యాభై ఏడు లీటర్లు, పద్దెనిమిది అంగుళాల వెడల్పు. నలుపు కాదు, లేత మట్టిరంగు ప్లాస్టిక్. మట్టి కుండీలు చూడ్డానికి ఎంతో బాగుంటాయి, నాకూ అవే ఇష్టం, కానీ ఈ పొడి వేసవిలో వాటి గోడలే నీళ్లు తాగేస్తాయి. పెరటి మట్టి కుండీలో వెయ్యకూడదు, నాలుగుసార్లు తడిసేసరికి ఇటుకలా బిగుసుకుపోతుంది. ఎరువు కలపని పాటింగ్ మిక్స్ (కుండీల కోసం సంచుల్లో అమ్మే తేలిక మట్టి) రెండు పాళ్లు, మాగిన కంపోస్ట్ ఒక పాలు, గాలి ఆడడానికి పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు నాలుగు గుప్పిళ్లు కలిపాను.

అమ్మ ఫోన్‌లో చూస్తూనే ఉంది. "అడుగున పెంకులు వెయ్యవే, నీళ్లు దిగాలి కదా" అంది. మన ఇళ్లలో అందరం చేసేదే. కానీ మెత్తటి మట్టిలోంచి నీరు గరుకు రాళ్లలోకి సులువుగా దిగదు, పైన మట్టి బాగా నానిపోయాక గానీ కారదు. పెంకులు వేసిన కొద్దీ ఆ తడి పొర వేళ్లకి దగ్గరగా పైకి జరుగుతుంది. కంతల మీద మట్టి కారకుండా ఒక వల ముక్క వేసి ఊరుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నీ ఇష్టం, మా కుండీలన్నీ పెంకుల మీదే బతికాయి" అంది. అక్కడ ఎర్రమట్టి, వానలు, పెద్ద పెద్ద కంతల కుండీలు. దానికి అది సరిపోయిందేమో.

నాటడంలో నేను ఎక్కువ సమయం పెట్టింది ఎత్తు చూసుకోవడం మీద. కుండీ మధ్యలో మట్టి పుట్టలా పోసి, దాని మీద మొక్కని కూర్చోబెట్టి, వేళ్లని గొడుగు పుల్లల్లా చుట్టూ కిందికి జార్చాను. అంటు కట్టిన చోట నిమ్మకాయంత బుడిపె ఉంటుంది. మంచు గడ్డకట్టే ఊళ్లలో దాన్ని మట్టిలోపల పెడతారు, చలికి పైన చచ్చినా లోపల బతుకుతుందని. మా దగ్గర అంత చలి లేదు కాబట్టి బుడిపె మట్టికి రెండు అంగుళాల ఎత్తున ఉండాలి. కుండీ అంచు మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టి, బుడిపె ఆ పుల్లకి ఎక్కడ తగులుతుందో చూసుకుంటూ మట్టి నింపాను. వేళ్ల మధ్య ఖాళీలు ఉండకుండా చేతి వేళ్లతోనే మట్టి దూర్చాను, కాలితో తొక్కలేదు. అడుగు నుంచి కారేదాకా నీళ్లు పోశాక మట్టి అంగుళంన్నర దిగింది. ఇంకాస్త మట్టి వేసి మళ్లీ తడిపాను. ఈ రెండో విడత మట్టి మర్చిపోతే వేళ్ల పైభాగం నెల్లాళ్లకి బయటపడుతుంది.

తర్వాతది పెద్దాయన చెప్పినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. వేళ్లు ఇంకా పనిలోకి దిగలేదు, కానీ కొమ్మలు ఎండకీ గాలికీ ఆరిపోతూ ఉంటాయి. ఆరకుండా వాటిని తడి కంపోస్ట్‌తో కప్పాలి. కుండీలో అంత ఎత్తు పోస్తే నిలవదు కాబట్టి, మొక్కలొచ్చిన అట్టపెట్టెనే కోసి, కొమ్మల చుట్టూ గుండ్రంగా నిలబెట్టి, పురికొసతో కట్టి, లోపల తడి కంపోస్ట్, బెరడు ముక్కలు ఎనిమిది అంగుళాల ఎత్తు దాకా నింపాను. పైన కొమ్మల కొసలు మాత్రమే కనపడుతున్నాయి. చూసినవాళ్లకి మూడు కుండీల్లో మూడు అట్ట గొట్టాలు, అంతే.

ఇక ఎదురుచూడాలి. ఈ ఎదురుచూపు నాకు ఎంత టెన్షన్ పెట్టిందో చెప్పలేను. ఒకసారి మొక్క పోగొట్టుకున్న చెయ్యి కదా, రోజూ పొద్దున కాఫీ పట్టుకుని వెళ్లి నిలబడేదాన్ని. వేరు పట్టిందా అని కొమ్మ పట్టుకుని లాగి చూడాలనిపించేది. లాగితే అప్పుడే పుట్టిన పీచు వేళ్లు తెగుతాయి. చెయ్యాల్సిన పని ఒక్కటే, చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూడటం. చెమ్మ తగిలితే నీళ్లు పొయ్యకుండా వచ్చేయడం. చలికాలంలో ఆకు లేని మొక్క తాగేది చాలా తక్కువ. రోజూ పోస్తే వేరు పుట్టకముందే కుళ్లుతుంది.

నాలుగో వారంలో డబుల్ డిలైట్ కొమ్మ మీద కందిగింజంత ఎర్రటి కన్ను ఉబ్బింది. తర్వాత ఐస్‌బర్గ్. మిస్టర్ లింకన్ ఏడు వారాలు తీసుకుంది. నేను దాని మీద ఆశ వదిలేసుకుని, గోటితో గీరితే ఇంకా పచ్చగానే ఉందని మళ్లీ ఆగాను. మొలకలు అంగుళం దాటాక కంపోస్ట్ తీసేయాలి, ఒకేసారి కాదు, వారంలో రెండు మూడు విడతలుగా, మబ్బు పట్టిన రోజు చూసుకుని. చేత్తో తవ్వితే లేత మొలకలు పుటుక్కుమని విరుగుతాయి. పైపుతో సన్నటి ధార పెట్టి కడిగేశాను.

ఆకులు విచ్చాయి. ఎరువు వెయ్యలేదు. మార్చి గడిచింది. వెయ్యలేదు. "పశువుల పేడైనా కాస్త వెయ్యకూడదూ?" అని అమ్మ. "మొదటి పువ్వు పూశాకే అమ్మా" అని నేను. మొగ్గలు బఠానీ గింజంత ఉన్నప్పుడు ఐస్‌బర్గ్‌వి, మిస్టర్ లింకన్‌వి గిల్లేశాను, ఆ బలం వేళ్లకి పోతుందని. డబుల్ డిలైట్ మీద ఒక్క మొగ్గ మాత్రం మనసొప్పక ఉంచాను.

అది ఏప్రిల్ ఆఖర్లో విచ్చింది. మొదట మీగడ రంగులో, అంచుల్లో మాత్రం కుంకుమ అద్దినట్టు. ఎండ తగిలిన కొద్దీ ఆ ఎరుపు లోపలికి పాకింది. మూడో రోజు ఒక రేకు ఎత్తి చూశాను. పై రేకు నీడ పడ్డంత మేర కింది రేకు ఇంకా మీగడ రంగులోనే ఉంది, నీడ అంచు దాటిన చోట నుంచి ఎరుపు. ఎండే దానికి ఆ రంగు తెస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. రెండో ఏడాదికి అలా ఒక పువ్వు చేతికొచ్చింది. దేవుడి పటానికి పెట్టి, ఆ ఫోటో అమ్మకి పంపాను.

ఆ పువ్వు రాలాక మొదటిసారి ఎరువు వేశాను, డబ్బా మీద రాసినదాంట్లో సగం, బాగా తడిపిన మట్టి మీద. వాడిన పువ్వుని ఐదు ఆకుల రెమ్మ దాకా దిగి, బయటి వైపు చూసే కన్నుకి పావు అంగుళం పైన కత్తిరిస్తే, ఆ కన్ను నుంచి ఆరేడు వారాల్లో మళ్లీ మొగ్గ. ఇది అందరూ చెప్పేదే, నిజం కూడా.

పురుగుల గురించి ఎక్కువ రాయను. మార్చిలో లేత చిగుళ్ల మీద పేనుబంక వస్తుంది, నీళ్ల ధారతో కొడితే పోతుంది, రెండు రోజులకొకసారి కొట్టాలి. ఆకుల మీద నల్లటి ఒంటి మీద నారింజ చుక్కలతో చిన్న మొసలి లాంటి పురుగులు కనపడితే చంపకండి, అవి ఆ పేనుబంకని తినే అక్షింతల పురుగు పిల్లలు. మిస్టర్ లింకన్‌కి చల్లటి రాత్రులు ఉన్నంతకాలం బూడిద తెగులు పట్టింది. కుండీని గోడ దగ్గర నుంచి గాలి ఆడే మూలకి జరిపాక తగ్గింది. జరపగలగడం కుండీలో ఉన్న పెద్ద సుఖం.

జరపగలగడమే 2022 సెప్టెంబర్‌లో వాటిని కాపాడింది. సెప్టెంబర్ 6న శాన్ హోసేలో 109 ఫారెన్‌హీట్, అంటే దాదాపు 43 డిగ్రీలు, ఈ ఊరి చరిత్రలోనే ఎక్కువ. రాజమండ్రి ఎండలు తిన్న మనుషులం, 43 మనకి కొత్త కాదు. కానీ నేలలోని వేరుకీ, సిమెంటు మీద పెట్టిన కుండీలోని వేరుకీ చాలా తేడా. కుండీ గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఆ గోడకి ఆనుకునే కదా కొత్త పీచు వేళ్లన్నీ ఉండేది. మూడింటినీ తూర్పు గోడ నీడకి లాగి, దడికీ కిటికీకీ మధ్య పాత నూలు చీర ఒకటి కట్టాను. కుండీల కింద చెక్క ముక్కలు పెట్టి సిమెంటు నుంచి ఎత్తాను. మట్టి మీద బెరడు ముక్కలు రెండు అంగుళాలు పరిచాను. పొద్దునే ఒకసారి అడుగు నుంచి కారేదాకా నీళ్లు. ఆకుల అంచులు మాడాయి గానీ కొమ్మలు పోలేదు, అక్టోబర్‌లో మూడూ పూశాయి. అప్పుడు కరువు రోజులు కూడా, జిల్లా అంతా నీళ్లు తగ్గించమన్నారు. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు అన్నీ గిన్నెలో పట్టి వీటికే పోశాను. ఉప్పు వేసినవి మాత్రం కాదు.

మా నీళ్లు గట్టివి, అంటే లవణాలు ఎక్కువ. ఏడాది తిరిగేసరికి కుండీ అంచున సున్నంలా తెల్లటి పొర కడుతుంది, అది నీళ్లదీ ఎరువుదీ ఉప్పు. వానలు దాన్ని కడిగేస్తాయి. 2023 జనవరిలో తుపానుల మీద తుపానులు వచ్చి వారాల తరబడి కురిసినప్పుడు కుండీలు అలా శుభ్రపడ్డాయి. వాన లేని ఏడాది రెండు నెలలకొకసారి ఎరువు ఆపి, మామూలుగా పోసేదానికి రెండింతలు నీళ్లు నిదానంగా పోసి కడుగుతాను.

2023 వేసవికి అమ్మ వచ్చింది. వచ్చిన మర్నాడు పొద్దున నేను లేచేసరికి పెరట్లో కుండీల పక్కన స్టూలు వేసుకుని కూర్చుని ఉంది, తలలో డబుల్ డిలైట్. "వాసన ఉందే" అంది. ఇంకేం కావాలి నాకు.

ఆ నెలలోనే మిస్టర్ లింకన్ మొదట్లో ఒక కొమ్మ లేచింది. పదిహేను రోజుల్లో మూడడుగులు. అమ్మ మురిసిపోయింది, "ఎంత బలంగా లేచిందో చూడు." నేను వంగి మట్టి కాస్త తీసి చూశాను. అది బుడిపె కింద నుంచి వచ్చింది. ఆకు చిన్నది, రంగు వేరు, కాడ సన్నంగా వంగుతూ ఉంది. అది మిస్టర్ లింకన్ కాదు, కింద వేరు కోసం పెట్టిన డాక్టర్ హ్యూయీ. ఉంచితే తిండంతా తనే లాక్కుని, రెండు మూడేళ్లలో పైదాన్ని చంపేస్తుంది. ఇక్కడ పాత ఇళ్ల ముందు వసంతంలో ఒక్కసారి విరగబూసి, ఏడాదంతా ఊరుకునే ముదురు ఎరుపు గులాబీలు కనపడతాయి, మధ్యలో పసుపు కేసరాలతో. చాలావరకు అవి ఇలా మిగిలినవే. ఎవరో ముచ్చటపడి నాటుకున్న గులాబీ చచ్చిపోయింది, దాని వేరు బతికింది.

అమ్మకి ఇది చెప్పేసరికి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మన నూతి దగ్గర గులాబీ కూడా అంతేనేమోనే." మా ఇంట్లో నూతి పక్కన ఒక ముద్ద గులాబీ ఉండేది, మూడేళ్లు పెద్ద పెద్ద పూలు పూసి, తర్వాత చిన్న చిన్న రేకుల పూలు పూయడం మొదలుపెట్టింది. మట్టి పడక జాతి మారిపోయిందని మా నాన్నమ్మ, వీధిలో అందరూ అనుకున్నారు. జాతి మారలేదు, కింద నుంచి పిలక లేచింది. దాన్ని మేమే నీళ్లు పోసి పెంచాం. కడియం మొక్కలు పెంచుకునేవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీ గులాబీ మొదట్లో కొత్తగా లేచిన కొమ్మ అంటుకి పైన నుంచి వచ్చిందా కింద నుంచి వచ్చిందా అని దయచేసి ఒకసారి చూసుకోండి. కింద నుంచి వస్తే కత్తిరించొద్దు, కత్తిరిస్తే అక్కడి నుంచే మళ్లీ లేస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటు దాకా వెళ్లి, కిందికి ఊడబెరకాలి. అమ్మ కొంగు చేతికి చుట్టుకుని తనే ఊడబెరికింది.

ఇక్కడ గులాబీలు పూర్తిగా నిద్రపోవు. డిసెంబర్‌లో కూడా ఏదో ఒక మొగ్గ ఉంటుంది. అందుకే ఏటా జనవరిలో మనమే ఆకులన్నీ తుంచేసి, కొమ్మల్ని సగం దాకా కత్తిరించి పడుకోబెట్టాలి. మొదటిసారి పచ్చటి ఆకులు తుంచడానికి నాకు చేతులు రాలేదు. కానీ తెగులు ఆ పాత ఆకుల మీదే కాచుకుని ఉంటుంది.

మూడేళ్లు నిండాక, 2025 జనవరిలో కుండీ మట్టి మార్చాను. కంపోస్ట్ అంతా కరిగి మట్టి నాలుగు అంగుళాలు దిగిపోయింది. మొదట డబుల్ డిలైట్. మా ఆయన కుండీని పక్కకి వంచి పట్టుకుంటే నేను గోడ చుట్టూ పాత అట్లకాడ తిప్పి, మొదలు పట్టుకుని లాగాను. రాలేదు. ఇద్దరం కలిసి లాగితే కుండీ ఆకారంలోనే ఒక్క ముద్దగా బయటికొచ్చింది. చుట్టూ జల్లెడలా అల్లుకున్న పీచు వేళ్లు, కొసలు తెల్లగా, సేమియా అంత సన్నగా. నేను గొడుగు పుల్లల్లా జార్చిన లావు వేళ్లు ఎక్కడున్నాయో వెతికితే గానీ కనపడలేదు.

అమ్మ ఫోన్‌లో చూసి, "అచ్చం మన కడియం కవరు మొక్కలా ఉందే" అంది.

చుట్టూ రెండు అంగుళాలు, అడుగున మూడు అంగుళాలు వేళ్లు రంపపు కత్తితో కోసేశాను. అదే కుండీలో కొత్త మట్టి పుట్టలా పోసి కూర్చోబెట్టి, అంచు మీద అడ్డంగా పుల్ల పెట్టి ఎత్తు చూసుకున్నాను. నీళ్లు పోస్తే ఎప్పటిలాగే అంగుళంన్నర దిగింది. ఇంకాస్త మట్టి వేసి మళ్లీ తడిపాను. ఎరువు డబ్బా లోపల అలమారలోనే ఉంది, మొదటి పువ్వు పూసేదాకా.